సాలు దాటిన పిల్ల

కోసిగిలో నా నోరంటే అందరికీ భయమే. భయపడనీ, నాకేం? పదిహేనుమంది ఆడవాళ్ళను పొద్దున్నే కూలికి తీసుకుపోయి, సాయంత్రం క్షేమంగా ఇల్లు చేర్చే మనిషికి ఆ మాత్రం నోరు లేకపోతే ఎట్లా? రైతు దగ్గర గట్టిగా మాట్లాడాలి. ఆటోవాడి దగ్గర గట్టిగా మాట్లాడాలి. పని మధ్యలో పుట్టింటి కష్టాలు తవ్వుకుంటూ కూర్చునే మా ఈరక్క దగ్గర ఇంకా గట్టిగా మాట్లాడాలి. నా పేరు రహమతున్నీసా. అంత పేరు పూర్తిగా పలికే ఓపిక మా ఊళ్ళో ఎవరికీ లేదు కాబట్టి రహమతమ్మ అంటారు. దుర్గ మాత్రం పెద్దమ్మా అంటుంది.

దుర్గ అంటే ఆ ఈరక్క కూతురే, లక్ష్మీదుర్గ. వాళ్ళ ఇల్లు మా గోడకు ఆనుకునే ఉంటుంది. తండ్రి బెంగుళూరులో కట్టడం పనిలో ఉంటాడు, పండక్కో పబ్బానికో వస్తాడు. ఆ పిల్ల పాకడం మా వాకిట్లోనే నేర్చింది, అబద్ధం చెప్పడం నేర్చిందీ మా వాకిట్లోనే. వాళ్ళమ్మ వండింది నచ్చకపోతే నా దగ్గరికి వచ్చి, ఇంట్లో ఏమీ వండలేదని చెప్పేది. నాకు తెలిసే పెట్టేదాన్ని.

ఆమె ఉరకడం ఎట్లా మొదలైందో చెబితే నవ్వుతారు. మా గుంపు మొత్తానికి ఒకటే ఆటో. అందులో పట్టేది ఎనిమిదిమంది, ఎక్కేది పదిహేనుమంది. ఇంటర్ చదువుతూ సెలవుల్లో పనికొచ్చిన దుర్గకు కాలు పెట్టే చోటు కూడా దొరకలేదు. "మీరు పాండి పెద్దమ్మా, నేను ఎనక ఉరుక్కుంటా వస్తా" అంది. సరదాకి అందనుకున్నాను. చేను దగ్గర మేము ఆటో దిగి నడుములు సరిచేసుకునే లోపలే వచ్చి గెనిమ గట్టు మీద నిలబడింది. ముఖం నిండా చెమట ఉంది కానీ రొప్పు లేదు. మరుసటి రోజు ఆటోలో చోటున్నా ఎక్కలేదు.

అట్లా ఉరుకుతుంటే ఒకరోజు దేవేంద్రప్ప సారు చూశాడు. కాలేజీలో ఆటలు నేర్పే మనిషి. బండిమీద పోతున్నవాడు వెనక్కి తిప్పుకుని, దుర్గ వెంటే చేని దాకా వచ్చేశాడు. ఆడపిల్ల వెనక బండి తోలుకొచ్చిన మగమనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండదా? "ఏమప్పా, నీకు అక్కాచెల్లెండ్లు లేరా?" అని మొదలుపెట్టాను. ఇంకా ఏమేమి అన్నానో ఇప్పుడు చెప్పను. పాపం ఆయన రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, ఒక్క మాట చెప్పనీయమ్మా. ఈ పిల్ల ఉరికేది సూసినావా ఎప్పుడన్నా? మీ ఆటో కంటే బాగా పోతాండాది."

ఆటో తోలే చిన్న ఈరన్నకు ఆ మాటకు కోపమొచ్చింది. మాకందరికీ నవ్వొచ్చింది. అట్లా సారు మాకు చుట్టమయ్యాడు.

అక్కడినుంచి మూడేళ్ళు. మొదటిసారి ఆదోనిలో పోటీకి పోయి అందరికంటే చివర వచ్చింది. బూట్లు కొత్తవి కావడంతో మడమలు ఒలిచిపోయాయి. ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుని, తెల్లారి ఒట్టి కాళ్ళతో గుట్ట ఎక్కి దిగింది. వానలు పడకపోతే మా ఊరు సగం ఖాళీ అవుతుంది, అందరం లారీలెక్కి సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాం. గుంటూరు పక్క మిరపచేలలో పగలంతా కాయలు కోసి చేతులు మండుతున్నా, తెల్లవారగానే ఆ పిల్ల కాలవగట్టు పట్టుకునేది. ఆ ఊరి కుక్కలు వెంటపడేవి.

"కుక్కలుండాయి, ఈపొద్దుకు వద్దులే మే" అని నేనంటే, "కుక్కలుంటేనే బిన్నా ఉరుకుతాను పెద్దమ్మా" అని నవ్వేది.

జ్వరమొచ్చినా, కాలు బెణికినా, ఈరక్క అరిచి గోల చేసినా మానలేదు. ఆ మొండితనమంటే నాకు ప్రాణం. ఎదురుగా మాత్రం తిడతాను. పొగిడితే పిల్లలకు కళ్ళు నెత్తికెక్కుతాయి.

ఇంత చేసినా ఒక్క పోటీలోనూ మొదట రాలేదు. ఎప్పుడు చూసినా రెండో స్థానం, లేకపోతే మూడో స్థానం. పోయిన ఏడాది వరకూ నేను దాన్ని పట్టించుకోలేదు, చివరినుంచి అంత దూరం వచ్చిందిగా అనుకున్నాను. ఈ ఏడాది అట్లా అనుకుంటే కుదరదు. డిసెంబరులో కడపలో రాష్ట్ర పోటీలు. ఐదువేల మీటర్లలో మొదట వచ్చిన ఆడపిల్లకు క్రీడల హాస్టల్లో చోటు ఇస్తారు. తిండి, చదువు, పరుగు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఒక్కరికే ఇస్తారు. ఇరవై ఏళ్ళలోపు పిల్లలకే ఇస్తారు. దుర్గకు ఇదే చివరి అవకాశం. అది పోతే జనవరిలో మాతోపాటు లారీ ఎక్కాలి, ఆ తర్వాత ప్రతి జనవరీ ఎక్కాలి.

కర్నూలులో జిల్లా పోటీ అయిన మరునాడు మేము శనగచేలో కలుపు తీస్తున్నాము. సారు బండి వచ్చి ఆగింది. దుర్గ రెండో స్థానంలో వచ్చి కడపకు ఎంపికైందని అప్పటికే తెలుసు కాబట్టి, లడ్డూలేమైనా తెచ్చాడేమో అని మా వాళ్ళు చూశారు. ఆయన ముఖం చూస్తే లడ్డూల ముఖంలా లేదు. నేరుగా నా దగ్గరకొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"రహమతమ్మా, ఇది సూడు. సూసి నువ్వే చెప్పు, ఈ పిల్లకు ఏం రోగమో."

ఫోన్లో కర్నూలు మైదానం. చివరి చుట్టు. దుర్గ అందరికంటే ముందుంది, వెనక పిల్లకు చాలా దూరం ఉంది. నేను సంతోషంగా అరవబోయాను. అంతలో దుర్గ ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసింది. అడుగు చిన్నదైంది. మళ్ళీ చూసింది. ఇంకా చిన్నదైంది. ఆ వెనక పిల్ల వచ్చి కలిసేదాకా అట్లాగే పోయి, కలిశాక పక్కపక్కనే ఉరికి, చివర్లో ఆ పిల్లే ఒక అడుగు ముందు పడింది.

"కాళ్ళు పట్టేసినాయా అంటే లేదంటాది. దమ్ము అయిపోయిందా అంటే లేదంటాది. ఆ పిల్ల ఎనకబడింది సార్ అంటాది! వాళ్ళు ఎనకబడాలనే గదా మనం ఉరికేది?" సారు ఫోన్ తీసుకుని మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. మూడేళ్ళుగా తన బండి పెట్రోలు, తన ఆదివారాలు ఆ పిల్లకే పెట్టిన మనిషి ఆయన.

సారుకు అర్థం కాలేదు కానీ నాకు చూడగానే అర్థమైంది. ఆ వెనక్కి చూసే చూపు నేను రోజూ చూసేదే. అది నాకోసం చూసే చూపు.

కలుపు పని తెలియనివాళ్ళకు ఇది చెప్పాలి. మేము చేలో దిగితే తలా ఒక మొక్కల సాలు పడతాం. అందరం ఒక వరసలోనే ముందుకు జరగాలి. ఎవరైనా తొందరచేసి ముందుకు పోయిందనుకోండి, గెనిమ మీద నిలబడిన రైతు ఊరుకుంటాడా? "అది అంత తీసింది, మీకేం తెగులు?" అని మిగతా అందరినీ పట్టుకుంటాడు. ముసలిదానికీ, నెల తప్పినదానికీ, జ్వరంతో వచ్చినదానికీ అదే మాట. అందుకని నా గుంపులో చేయి చురుకైనవాళ్ళు ఆగాలి. పక్కసాలు మనిషి వచ్చి కలిసేదాకా చూసుకోవాలి. ఇది నేను పెట్టిన కట్టుబాటు. ఈ రోజుకీ అదే మాట మీద ఉన్నాను, దీనికి ఎవరు అడ్డొచ్చినా ఒప్పుకోను. దుర్గ పనికొచ్చిన మొదటి రోజే నా కుడిచేతి పక్క సాలు ఇచ్చి, ఇది నేర్పాను. నాకు కుడి మోకాలు నొప్పి, వంగి లేవడం కష్టం. ఆ పిల్ల చేయి గాలిలా పోతుంది. నాలుగు మొక్కలు దాటగానే ఎడమ భుజం మీదుగా చూస్తుంది. నేను వచ్చేదాకా ఆగుతుంది. మూడేళ్ళుగా అంతే.

ఇదంతా సారుకు చెప్పాను. ఆయన గెనిమ మీద కూలబడ్డాడు.

"ఇది చేను కాదమ్మా, పోటీ. ఆడ రైతు లేడు."

"నాకు చెప్తావేంది సారూ? దానికి చెప్పు."

"నేను చెప్తే ఇంటాదా? నువ్వు చెప్పాల."

నేను దుర్గను పిలిచి చెప్పాను. మంచిగా చెప్పాను, తిట్టి చెప్పాను, తల మీద చేయి పెట్టించుకుని చెప్పాను. అన్నిటికీ ఒకటే జవాబు. "మీ ఇష్టం పెద్దమ్మా." ఆ పిల్లతో వచ్చిన చిక్కే అది. అన్నం తింటావా, మీ ఇష్టం. ఏ రంగు గుడ్డ తీయాలి, మీ ఇష్టం. నీకేం కావాలే అని అడిగితే నేల చూసి నవ్వుతుంది.

మాటలతో కాదని, పనిలోనే ఆ అలవాటు మాన్పిద్దామనుకున్నాను. మరునాడు చేలో గుంపందరికీ చెప్పాను. "ఈపొద్దు దుర్గ ముందుకు పోతాది. ఎవురూ మూతి ముడుచుకోగూడదు. రైతు ఏమన్నా అంటే నేను సూసుకుంటా." అందరూ సరేనన్నారు. ఈరక్క అయితే కూతురికి దిష్టి కూడా తీసింది. దుర్గ వంగింది, చేతులు ఆడించింది, చూస్తుండగానే మమ్మల్ని దాటిపోయింది. మా గుంపులోని సుజన ఈల కూడా వేసింది. చేను సగంలో ఆ పిల్ల చేతులు ఆగాయి. అక్కడే గొంతుక్కూర్చుని, మట్టిలో వేలితో గీతలు గీసుకుంటూ, మేమంతా వచ్చేదాకా ఉండిపోయింది.

ఆడవాళ్ళందరూ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం తిక్క రేగి చేతిలోని గడ్డి తీసి నేలకేసి కొట్టాను.

"ఎందుకే ఆగినావు? నీ జిమ్మడ! నేను చెప్పినా గదా పొమ్మని!"

దుర్గ తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ముందుకు పోతే ఎవురూ ఉండరు పెద్దమ్మా. మీరంతా ఎనక మాట్లాడుకుంటాంటే నాకు ఇనపడదు. ఒక్కదాన్నే అయిపోతా."

ఏమని చెప్పాలి? నేనూ ఎన్నడూ గుంపును వదిలి ముందుకు పోయినదాన్ని కాదు. అక్కడ ఎట్లా ఉంటుందో నాకేం తెలుసు? ఆ పిల్లను దగ్గరికి తీసుకుని కొంగుతో ముఖం తుడిచాను.

కడప పోటీకి తల్లి రావాలి. ఈరక్కకు రైలంటేనే వాంతులు కాబట్టి నేను బయలుదేరాను. దారి ఖర్చులకని గుంపులో అందరూ తలా కాస్త దుడ్లు వేసి ఇచ్చారు. ఈరక్క ఒంటిమిట్ట రాముడికి మొక్కుకుని, ఆ మొక్కు సంగతి కడపలో దిగాక రాముడికి గుర్తుచేయమని నాకు చెప్పింది. కడపలో దిగగానే నేను దుర్గను పెద్ద దర్గాకు తీసుకుపోయాను. చున్నీ తలమీద కప్పుకుని బుద్ధిగా నా పక్కన నిలబడింది. నేను ఏమడిగానో చెప్పనా? గెలిపించమని అడగలేదు. ఈ పిల్లకు ఒంటరితనం భయం పోగొట్టు స్వామీ అని అడిగాను.

పోటీ పొద్దున్నే పెట్టారు. మట్టి మైదానం చుట్టూ సున్నం గీతలు, సిమెంటు మెట్లు, మైకులో ఎవరో ఆపకుండా మాట్లాడుతున్నారు. పన్నెండున్నర చుట్లని సారు చెప్పాడు. ఆయన ముందురోజు నుంచి ఏమీ తినలేదు. నేను తిట్టి ఇడ్లీ తినిపించబోతే, చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయాడు. దుర్గ నా దగ్గరకొచ్చి బూటు దారాలు మరొకసారి కట్టుకుంది. ఏదైనా చెప్పాలనుకున్నాను. "జాగ్రత్త" అన్నాను. అంత నోరున్న దానికి ఆ ఒక్క మాటే వచ్చింది.

మొదట అందరూ గుంపుగా పోయారు. అందులో దుర్గ హాయిగా ఉంది, నాకు తెలుస్తోంది. చుట్లు పెరిగేకొద్దీ ఎండకు ఒక్కొక్కరే రాలిపోయారు. మా పిల్లకు ఎండ కొత్తా? చివరికి ముగ్గురు మిగిలారు, ఆ తర్వాత ఇద్దరు. దుర్గ, ఎర్ర బనియను వేసుకున్న విజయనగరం పిల్ల. ఆ పిల్ల పొడుగైన కాళ్ళు చూస్తేనే నాకు దడ పుట్టింది. ఇంకా రెండు చుట్లు ఉండగా దుర్గ ఆమెను దాటింది. దాటి ముందుకు వచ్చింది. నాలుగు అడుగులు, పది అడుగులు, ఇరవై అడుగుల దూరం వచ్చింది.

అప్పుడు ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసింది.

సారు "అయిపాయె" అని తల పట్టుకున్నాడు. నేను మెట్లమీద నుంచి ఎట్లా దిగానో, ఆ పాడు మోకాలితో కడ్డీల దాకా ఎట్లా పోయానో నాకే తెలియదు. మైదానం లోపలికి పోనీకుండా కట్టిన కడ్డీలు పట్టుకుని, చెప్పులు జారుతుంటే, ఆ పిల్లతోపాటే పక్కన ఉరికాను. అల్లా సాక్షి, ఏం అరవాలని ముందే అనుకోలేదు. కడుపులోంచి వచ్చేసింది.

"నాకోసం సూడొద్దే దుర్గా! నన్ను ఇడ్సిపెట్టి పో! ఇడ్సిపెట్టి పో తల్లీ!"

మైదానమంతా నావైపు తిరిగింది. బ్యాడ్జీ పెట్టుకున్న ఒకతను వచ్చి "అమ్మా, పక్కకు రండి" అన్నాడు. "నువ్వు రాప్పా పక్కకు, మా పిల్ల కనపడటంల్యా!" అని తోసేశాను. అరుస్తూనే ఉన్నాను. గొంతులో రక్తం వస్తోందేమో అన్నంతగా అరిచాను.

దుర్గ ముఖం ముందుకు తిప్పుకుంది. అడుగు చిన్నదవుతుందని నేను చూస్తున్నాను. కాలేదు. అడుగు పెద్దదైంది. చేతులు ఊపందుకున్నాయి. జడ వీపుమీద ఎగిరి ఎగిరి పడుతోంది. ఆమెకు ముందు ఎవరూ లేరు, ఉట్టి మట్టి, ఉట్టి ఎండ. గంట మోగింది, చివరి చుట్టు. ఆ చుట్టంతా మా పిల్ల ఒక్కతే ఉరికింది. మళ్ళీ వెనక్కి చూడలేదు. ఎర్ర బనియను పిల్ల ఇంకా మలుపులో ఉండగానే గీత దాటేసింది.

సారు చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ చేతిలో ఇంకా ఇడ్లీ ఉంది. దుర్గ ఇంతకుముందు ఎప్పుడూ ఇంత తొందరగా ఉరకలేదని, ఇంత చేయగలదని తనకు కూడా తెలియదని నాకు పదిసార్లు చెప్పాడు. "ఇదంతా నీ గొంతు మహిమే రహమతమ్మా. మూడేళ్ళు నేను చెప్పింది ఒక ఎత్తు, నీ అరుపు ఒక ఎత్తు" అన్నాడు. నేను కాదనలేదు. ఎందుకంటాను?

తిరుగు రైల్లో నాకు పట్టపగ్గాల్లేవు. గొంతు పోయి గుసగుసే మిగిలింది, ఆ గుసగుసతోనే పెట్టెలో అందరికీ చెప్పాను. ఎదురుగా కూర్చున్న ముసలాయనకు చెప్పాను, బొరుగులమ్మే ఆమెకు చెప్పాను. టిక్కెట్లు చూడ్డానికి వచ్చినాయనకు దుర్గ మెడలోని పతకం తీసి చూపించాను. నేను ఎట్లా దిగానో, కడ్డీలు ఎట్లా పట్టుకున్నానో, ఏమని అరిచానో చెప్పాను. తాడిపత్రి దాటేసరికి కథలో నేను రెండు కడ్డీలు విరగ్గొట్టాను కూడా.

దుర్గ కిటికీ పక్కన బొరుగులు తింటూ అంతా విన్నది. పెట్టెలో సందడి తగ్గాక నావైపు వంగింది.

"పెద్దమ్మా, నువ్వు అరిసినావా?"

"అరిసినానా ఏంది? కడపంతా ఇనింది!"

"నాకు ఇనపడలేదే."

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఎగతాళేమో అని చూశాను. కాదు.

"అబద్దాలు చెప్పొద్దు. ఎనక్కి సూస్తివి గదా? నేను అరిసినాకనే గదా మొగం తిప్పుకుంటివి?"

"ఆ పిల్ల యాడుందో సూద్దామని సూస్తి పెద్దమ్మా."

"సూసి?"

దుర్గ నేల చూడలేదు. కిటికీ బయటికీ చూడలేదు. నన్నే చూసింది.

"ఇంగా దూరం పోవాలనిపిచ్చె. నాకు శానా కావాలనిపిచ్చె పెద్దమ్మా. ఒక్కదాన్నే పోతాంటే బాగుండె."

మొదట నాకు కోపమే వచ్చింది. గొంతు పోగొట్టుకున్నది నేను, మోకాలు వాచింది నాకు, పెట్టెలో ఇంతమందికి కథ చెప్పుకున్నది నేను! తర్వాత ఆ మాట మళ్ళీ చెవిలో పడినట్టైంది. నాకు కావాలనిపించింది, అంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నోట నేను ఆ మాట వినలేదు. నేను పొమ్మంటే పోలేదు, నా మాట వినకుండానే పోయింది. జనవరిలో లారీ ఎక్కేటప్పుడు నా కుడిచేతి పక్క ఈ పిల్ల ఉండదని అప్పుడు తెలిసొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. ఇంత సంతోషం నాకు నా పెళ్ళికి కూడా లేదు, ఇంత దిగులూ ఎప్పుడూ లేదు.

టీ అమ్మే అతను పక్కనే ఆగి, "ఏమైందమ్మా, ఎందుకు ఏడుస్తాండావు?" అని అడిగాడు.

"నా కూతురు గెలిచినాది. నీకేమప్పా?" అన్నాను.